ఏడు ఈకల ఉల్లిపాయ

తపస్సుకాలం రేపనగా
వెన్న కుండలు తోమి బోర్లించాను.
చివరి జున్నుముక్క పిల్లికి పెట్టాను.
అది నా ముఖంలోకి చూస్తూ తిన్నది,
జాలిపడుతున్నట్టు.

పెద్దాయన ఘెవోంద్ పీట ఎక్కి
వంటింటి దూలానికి ఉల్లిపాయను వేలాడదీశాడు.
దానికి ఏడు కోడి ఈకలు.
వారానికొకటి పీకాలి. అంతే మా పంచాంగం.
గాలి ఎటు తోస్తే అటు తిరుగుతూ
ఎవడు గిన్నె నాకుతున్నాడో చూస్తుంది అది.

గుడిలో బలిపీఠం ముందు తెర వేసేశారు.
నల్ల గుడ్డ, మడత కదలదు.
ఇన్ని వారాలూ ఆ గుడ్డతోనే మాట్లాడుకోవాలి.

సెవాన్ సరస్సు మీంచి వచ్చే గాలికి
ఈ అర్మేనియా కొండ ఇంకా పళ్ళు కొరుకుతోంది.
పప్పు, పేలపిండి, ఎండిన ఆప్రికాట్లు,
కింది ఊరి ఆడవాళ్ళు వేసవిలో
జడలల్లి ఎండబెట్టి ఇచ్చిన అడవి చుక్కకూర.
ఆ జడలు విప్పి నానబెడుతుంటే
అక్క తల దువ్విన రోజులు వేళ్ళకు తగులుతాయి.
సన్యాసికి అక్క ఉండకూడదని
ఎవరూ అనలేదు గదా.

మూడు ఈకలు పోయాయి.
ఇరవైనాలుగో రోజు నడిమి రొట్టె.
పులియని పిండి, లోపల ఒక నాణెం,
ఎవరి పంటికింద పడితే ఈ ఏటి అదృష్టం వాళ్ళది.
ఆరుగురం. ఆరు ముక్కలు.
నమిలాం.
పొయ్యి చిటపటలాడింది.
నాణెం ఎవరూ చూపించలేదు.

ఆ రాత్రి నుంచి
పాలు ముట్టలేదు, గుడ్డు ముట్టలేదు,
మనుషుల్ని తిన్నాను.
నహపెత్ దవడ మధ్యలో ఎందుకాగింది?
తతుల్ చెయ్యి జేబులోంచి బయటికి రాదేం?
ఒహాన్‌ది నిజంగా చెవుడేనా?
అందరికన్నా జావెన్. కొత్తవాడు.
పట్నంలో అప్పులు వదిలి వచ్చినవాడు.
వాడు కీర్తన ఎత్తుకుంటే
నాలుక కింద లోహం మోగినట్టే వినపడేది.
వాడు మోకరిల్లినప్పుడు
మేజోళ్ళలో ఏదైనా గుండ్రంగా ఉందా అని
మడమల వంక చూసేవాణ్ణి.
ఒక పూట వాడి గిన్నెకు
గరిటె అడుగుదాకా ముంచలేదు.
పైన తేలిన నీళ్ళే పోశాను.
వాడు వందనం చెప్పుకుని తాగాడు.
గిన్నె కడిగి, నా గిన్నె కూడా కడిగాడు.

నాలుగో ఈక. ఐదోది.
ఉల్లిపాయ నావైపు తిరిగి ఆగేది.
గాలి రాకుండా కిటికీ మూశాను.
అయినా తిరిగింది.

ఆరో ఈక పీకాక
పండుగ రొట్టెలకని పిండి తొట్టి గీరుతున్నాను.
మూలన, ఎండి రాయైన పెళ్ళలో
కత్తి మొన టక్కుమంది.

రొట్టెలోకి వెళ్ళనే లేదు అది.
పిసికిన చెయ్యి నాదే, జారవిడిచిందీ నాదే.

గోరుతో పిండి ఒలిచాను.
చాలాసేపు అక్కడే కూర్చున్నాను.
పిల్లి వచ్చి నాణేన్ని వాసన చూసి,
తినేది కాదని తెలిసి పోయింది.

పండుగ పూట తెర తీశారు.
వెలుగంతా ఒక్కసారిగా మీద పడింది,
అందరూ పాడారు.
నేను పెదవులు మాత్రం ఆడించాను.

దూలం మీంచి ఉల్లిపాయను దించితే
నెత్తిన పచ్చటి మొలక, వేలెడంత.
దాన్ని కోయబుద్ధి కాలేదు.
పైపొట్టు మాత్రం ఒలిచి,
ఏడాదంతా దాచిన పొట్టుతో కలిపి
అందులో గుడ్లు ఉడికించాను.
నన్ను అన్ని రోజులు చూసిన పొట్టు
గుడ్లకు ఎర్రగా పట్టింది.

జావెన్ గుడ్డు కింద నాణెం పెట్టాను.
నీళ్ళపప్పు సంగతి చెబుదామని నోరు తెరిచాను.
వాడు గుడ్డు ఎత్తాడు, నాణెం చూశాడు,
నన్ను చూశాడు.
"పెద్దాయనే మింగేశాడనుకున్నాను
ఇన్నాళ్ళూ," అన్నాడు చెవిలో,
సిగ్గుతో చెవులెర్రబడి.

తర్వాత తన గుడ్డు నా గుడ్డుకు కొట్టాడు.
నాదే పగిలింది.